మారేదీ, మారనిదీ: పరిణామ గణన సాఫ్ట్‌వేర్ చరిత్ర

ఒక సమస్యకు సాధ్యమైన పరిష్కారాలను జీవుల మాదిరిగా తరతరాలుగా పెంచి, వాటిలో మెరుగైనవాటిని ఏరుకుంటూ ముందుకు సాగే పద్ధతులన్నిటినీ కలిపి కంప్యూటర్ శాస్త్రంలో పరిణామ గణన అంటారు. ఆ పద్ధతుల నడక స్థూలంగా ఒక్కటే. మొదట కొన్ని పరిష్కారాలను యాదృచ్ఛికంగా సృష్టించి వాటిని జనాభాగా తీసుకుంటారు. ఒక్కొక్కటి ఎంత బాగా పనిచేస్తుందో కొలిచి, ఆ కొలతకు యోగ్యత అని పేరు పెడతారు. యోగ్యత ఎక్కువగా ఉన్నవాటిని తల్లిదండ్రులుగా ఎంచుకోవడం వరణం, ఇద్దరి లక్షణాలను కలిపి సంతానాన్ని తయారుచేయడం వినిమయం, ఆ సంతానంలో అక్కడక్కడ చిన్న మార్పు చేయడం ఉత్పరివర్తనం. ఇలా పుట్టిన కొత్త తరాన్ని మళ్ళీ కొలిచి, చాలినంత మంచి పరిష్కారం దొరికేదాకా ఇదే వలయాన్ని తిప్పుతారు. కాగితం మీద పది పన్నెండు పంక్తుల్లో ఇమిడే ఈ వలయాన్ని ప్రోగ్రాముగా రాయడం కష్టమేమీ కాదు. అయితే ఒకరు రాసిన ప్రోగ్రాము మరొకరి సమస్యకు కూడా పనికివచ్చేలా రాయడం నేర్చుకోవడానికి ఈ రంగానికి దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టింది. వేర్వేరు దేశాల్లో, ఒకరి పని ఒకరికి సరిగా తెలియకుండా పెరిగిన శాఖలు తమది ఒకే శాస్త్రమని గుర్తించడంలో సిద్ధాంతానికి ఎంత పాత్ర ఉందో, మళ్ళీమళ్ళీ వాడుకోదగిన సాఫ్ట్‌వేరును రూపొందించినవారి శ్రమకూ అంతే పాత్ర ఉందని ఆ నాలుగు దశాబ్దాల చరిత్ర చెబుతుంది.

యంత్రానికి అతుక్కున్న తొలి ప్రయోగాలు

తొలి ప్రయోగాలు చేసినవారికి పునర్వినియోగం గురించి ఆలోచించే అవకాశమే లేదు. 1953లో నిల్స్ ఆల్ బారిచెల్లి అనే గణితవేత్త అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో, ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీలో జాన్ వాన్ నాయ్‌మన్ ఆధ్వర్యంలో తయారైన కంప్యూటర్ మీద, అంకెలనే జీవులుగా భావించి అవి వృద్ధి చెందడాన్నీ, పోటీపడడాన్నీ పరిశీలించారు. ఆ యంత్రం మెమరీ మొత్తం 40 బిట్ల పదాలు 1,024 మాత్రమే. అంటే నేటి లెక్కలో 5 కిలోబైట్లు. అంత ఇరుకులో రాసిన ప్రోగ్రాములో ప్రతి ఆదేశమూ ఆ యంత్రానికీ, ఆ ప్రయోగానికీ కట్టుబడి ఉండేది.

బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో 1964లో జరిగిన ప్రయోగానికైతే కంప్యూటరే లేదు. ఇంగో రెఖెన్‌బెర్గ్, హాన్స్-పౌల్ ష్వెఫెల్, పీటర్ బీనర్ట్ అనే ముగ్గురు విద్యార్థులు ఐదు కీళ్ళ దగ్గర మడవగలిగిన ఒక పలకను గాలి సొరంగంలో నిలిపి, ఏ ఆకారంలో దానికి గాలి నిరోధం అతి తక్కువగా ఉంటుందో వెతికారు. ఒక్కో కీలును 51 స్థానాల్లో దేనిలోనైనా బిగించవచ్చు కాబట్టి సాధ్యమైన ఆకారాల సంఖ్య 34 కోట్ల 50 లక్షలు దాటుతుంది. అన్నిటినీ పరీక్షించడం మానవసాధ్యం కాదు. అందుకని మేకుల వరుసల మధ్య నుంచి గోళీలు జారి అరల్లో పడే గాల్టన్ పలక సాయంతో ఎంత మార్పు చేయాలో నిర్ణయించుకుని, కీళ్ళను చేత్తోనే మార్చి, నిరోధం తగ్గితే కొత్త ఆకారాన్ని ఉంచుకుని, తగ్గకపోతే పాతదానికి తిరిగి వచ్చేవారు. మరుసటి ఏడాది ష్వెఫెల్ ఇదే పద్ధతిని జూజ్ జడ్-23 కంప్యూటర్ మీద అనుకరించి పరీక్షించారు. పరిణామ వ్యూహాలు అనే పేరుతో స్థిరపడిన ఈ జర్మన్ శాఖలో జీవి అంటే కొలతల వరుస, అంటే వాస్తవ సంఖ్యల జాబితా. దాని ప్రధాన సాధనం ఉత్పరివర్తనం.

అదే దశాబ్దంలో అమెరికాలో లారెన్స్ ఫోగెల్ మరో దారి తొక్కారు. పరిసరాల నుంచి వచ్చే సంకేతాలను చదివి రాబోయే సంకేతాన్ని ఊహించే పరిమిత స్థితి యంత్రాలను, అంటే కొన్ని నిర్ణీత స్థితుల మధ్య మాత్రమే మారే నమూనా యంత్రాలను, ఆయన పరిణామానికి గురిచేశారు. ఆల్విన్ ఓవెన్స్, మైకేల్ వాల్ష్‌లతో కలిసి 1966లో వెలువరించిన గ్రంథంలో ఆ పద్ధతిని వివరించారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో జాన్ హాలండ్ నెలకొల్పిన మూడో శాఖలో జీవి అంటే సున్నాలు, ఒకట్ల గొలుసు. అక్కడ వినిమయానికే పెద్దపీట. 1975లో వెలువడిన హాలండ్ గ్రంథంతో ఈ శాఖ జన్యు అల్గారిథంల పేరిట ప్రసిద్ధికెక్కింది. ఈ మూడు శాఖలూ తిప్పింది ఒకే వలయం. కానీ జీవి రూపం ఏమిటన్న నమ్మకం ఒక్కో శాఖ ప్రోగ్రాములో వేళ్ళదాకా దిగిపోవడంతో, బెర్లిన్ ప్రోగ్రాము మిషిగన్ సమస్యకు గానీ, మిషిగన్ ప్రోగ్రాము ఫోగెల్ యంత్రాలకు గానీ పనికివచ్చే స్థితి లేకపోయింది.

జెనెసిస్: మొదటి గీత

ప్రోగ్రామును రెండుగా చీల్చి, సమస్యకు సంబంధించిన భాగాన్ని వాడుకరికి వదిలేసి, మిగతాదంతా సిద్ధంగా అందించవచ్చన్న ఆలోచనకు విస్తృత ప్రచారం తెచ్చింది జాన్ గ్రెఫెన్‌స్టెట్ 1980 దశకంలో సీ భాషలో రాసిన జెనెసిస్ వ్యవస్థ. ఒక పరిష్కారాన్ని ఇస్తే దాని విలువను తిరిగి చెప్పే ఒక్క ఫంక్షన్‌ను వాడుకరి రాసి ఇస్తే చాలు. జనాభా, వరణం, వినిమయం, ఉత్పరివర్తనం, ఫలితాల నమోదు అన్నీ జెనెసిస్ చూసుకునేది. జన్యు అల్గారిథంకు తాను పరిష్కరిస్తున్న సమస్య స్వభావం తెలియనవసరం లేదన్న హాలండ్ సిద్ధాంతానికి ప్రోగ్రాము నిర్మాణంలో దొరికిన ప్రతిరూపం ఇది. మూల్యాంకనాన్ని మిగతా యంత్రాంగం నుంచి వేరుచేసిన ఈ గీత తర్వాత వచ్చిన వ్యవస్థలన్నిటిలోనూ చెక్కుచెదరకుండా నిలిచింది.

ఇలాంటి వ్యవస్థలు కోడ్‌తో పాటు అలవాట్లను కూడా మోసుకెళ్ళాయి. హాలండ్ శిష్యుడు కెన్నెత్ డి జాంగ్ 1975 నాటి పరిశోధనా వ్యాసంలో ఐదు గణిత ప్రమేయాలను పరీక్షా సమస్యలుగా ఎంచుకుని, వాటి మీద బాగా పనిచేసిన విలువలను నమోదు చేశారు: జనాభా 50 నుంచి 100, వినిమయ సంభావ్యత 0.6, ఒక్కో బిట్‌కు ఉత్పరివర్తన సంభావ్యత 0.001. ఆ ఐదు ప్రమేయాలకు మాత్రమే చెందిన ఆ విలువలు కాలక్రమంలో సర్వసాధారణ విలువలుగా చలామణీ అయ్యాయి. సాఫ్ట్‌వేరులో ముందే నింపి ఉంచిన అంకెను మార్చేవారు తక్కువ కాబట్టి, ఒక పరికరంలో ఏది సులువుగా మారుతుందో, ఏది కనబడకుండా ఉండిపోతుందో తేల్చే రూపశిల్పి పరిశోధన దిశనూ కొంతవరకు తేలుస్తాడు.

1989లో డేవిడ్ గోల్డ్‌బర్గ్ రాసిన పాఠ్యగ్రంథం ఒక తరం విద్యార్థులకు ఈ విద్య నేర్పింది. అందులో పాస్కల్ భాషలో ముద్రించిన సరళ జన్యు అల్గారిథం కోడ్‌ను ఎందరో చూసి రాసుకుని, తమకు కావలసినట్టు మార్చుకున్నారు. ఆ కోడ్ చదవడానికి ఎంతో తేట. కానీ అందులో క్రోమోజోమ్ అంటే అవును, కాదు అనే రెండే విలువలుండే స్థిర పరిమాణపు వరుసగా ప్రకటితమై ఉంటుంది. వినిమయమూ, ఉత్పరివర్తనమూ, గొలుసును సంఖ్యగా మార్చే భాగమూ ఆ ఒక్క ప్రకటన మీదే ఆధారపడడం వల్ల, జీవి రూపాన్ని మార్చదలచినవారు దాదాపు కోడ్ మొత్తాన్నీ తిరగరాయవలసి వచ్చేది.

బిట్ల గొలుసు పనికిరాని చోట

ఆ అవసరం త్వరగానే వచ్చింది. ఆరు ఊళ్ళనూ ఒక్కోసారి మాత్రమే చుట్టి బయలుదేరిన చోటికి తిరిగి వచ్చే అతి చిన్న దారిని కనుక్కోవాలనుకుందాం. ఒక పరిష్కారం 1, 2, 3, 4, 5, 6 అనే వరుస, మరొకటి 4, 6, 2, 1, 5, 3 అనే వరుస అయితే, మూడో స్థానం తర్వాత రెండిటినీ కోసి, మొదటిదాని ముందు సగానికి రెండోదాని వెనుక సగం అతికిస్తే 1, 2, 3, 1, 5, 3 వస్తుంది. ఇందులో 1, 3 ఊళ్ళకు రెండేసిసార్లు వెళ్ళడమూ, 4, 6 ఊళ్ళను వదిలేయడమూ జరిగింది కాబట్టి అది అసలు పరిష్కారమే కాదు. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1985లో జన్యు అల్గారిథంల మీద జరిగిన తొలి అంతర్జాతీయ సదస్సు నాటికే ఇలాంటి వరుసల కోసం ప్రత్యేక వినిమయ పద్ధతులను గోల్డ్‌బర్గ్, రాబర్ట్ లింగిల్ ఒకవైపు, లారెన్స్ డేవిస్ మరోవైపు ప్రతిపాదించారు. జీవి రూపమూ, దాని మీద పనిచేసే ప్రక్రియలూ జంటగా మారాలి తప్ప ఒకటి స్థిరంగా ఉండి మరొకటి మారడం కుదరదని వీటితో తేలిపోయింది.

ఒక్కో కొత్త ప్రయోగమూ ఇలాగే ఒక్కో పాత నమ్మకాన్ని పెకలించింది. కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో డారెల్ విట్లీ రూపొందించిన జెనిటర్, తరం మొత్తాన్ని ఒకేసారి మార్చడం మాని, ఒక్కొక్క సంతానాన్నే పుట్టించి జనాభాలో అట్టడుగున ఉన్నదాని స్థానంలో పెట్టింది. దాంతో తరం అన్న భావన కూడా మార్చుకోదగిన భాగమేనని తెలిసింది. డేవిస్ 1991లో సంపాదకత్వం వహించిన కరదీపికకు తోడుగా లిస్ప్ భాషలో వచ్చిన ఊగా వ్యవస్థ, జన్యు అల్గారిథంలోని ఒక్కో భాగాన్నీ విడి వస్తువుగా నిర్మించి చూపింది. 1992లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన జాన్ కోజా ప్రోగ్రాములనే జీవులుగా తీసుకున్నారు. జన్యు ప్రోగ్రామింగ్ అనే ఈ పద్ధతిలో జీవి ఒక చెట్టు. కొమ్మను కొమ్మతో మార్చుకోవడమే వినిమయం. పరిమాణం తరానికొక తీరుగా పెరగవచ్చు, తగ్గవచ్చు. స్థిరమైన పొడవు అన్న చివరి భరోసా కూడా ఇక్కడితో పోయింది.

భాగాలుగా విడదీయడం నేర్చుకున్న కాలం

సాఫ్ట్‌వేర్ నిర్మాణ శాస్త్రంలో ఈ చిక్కుకు సమాధానం అప్పటికే చాలాకాలంగా సిద్ధంగా ఉంది. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో నాటో నిర్వహించిన సదస్సులో డగ్లస్ మెకిల్‌రాయ్, ఇతర పరిశ్రమల్లో విడిభాగాలు దొరికినట్టే ప్రోగ్రాములకూ విడిభాగాలు దొరకాలని వాదించారు. 1972లో డేవిడ్ పార్నస్, ప్రోగ్రామును పని జరిగే క్రమాన్ని బట్టి కాక, మున్ముందు మారే అవకాశమున్న నిర్ణయాలను బట్టి విడగొట్టాలనీ, ఒక్కో నిర్ణయాన్నీ ఒక్కో భాగంలో దాచిపెట్టాలనీ చెప్పారు. 1994లో ఎరిక్ గామా, రిచర్డ్ హెల్మ్, రాల్ఫ్ జాన్సన్, జాన్ వ్లిసిడెస్ తమ గ్రంథంలో, ఒకే పనికి ఉన్న వేర్వేరు పద్ధతులను పరస్పరం మార్చుకోదగిన వస్తువులుగా ఎలా మలచాలో చూపారు. పరిణామ గణనలో ఏ నిర్ణయాలు మారతాయో పదిహేనేళ్ళ అనుభవం చెప్పింది; వాటిని ఎలా విడదీయాలో ఈ రచనలు చెప్పాయి.

శాస్త్ర రంగంలోని రెండు పరిణామాలు ఆ అవసరాన్ని తీవ్రం చేశాయి. 1990లో డోర్ట్‌ముండ్‌లో జరిగిన సదస్సులో జర్మన్, అమెరికన్ శాఖలవారు దగ్గరయ్యారు. పరిణామ గణన అన్న ఉమ్మడి పేరు ఆ తర్వాతే వాడుకలోకి వచ్చింది. 1993లో డి జాంగ్ సంపాదకత్వంలో అదే పేరుతో పరిశోధనా పత్రిక మొదలైంది. 1997లో డేవిడ్ వోల్పర్ట్, విలియం మెక్‌రెడీ, సాధ్యమైన సమస్యలన్నిటి మీద సగటు చూస్తే ఏ వెతుకులాట పద్ధతీ మరొకదానికన్నా మెరుగు కాదని నిరూపించారు. ఏ ఒక్క పద్ధతీ అన్నిటికీ చాలదన్నప్పుడు, సమస్యను బట్టి పద్ధతిని కూర్చుకునే వీలున్న సాఫ్ట్‌వేరుకు విలువ పెరిగింది. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో మాథ్యూ వాల్ సీ ప్లస్ ప్లస్ భాషలో రాసిన గాలిబ్ ఆ దిశలో తొలి ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్ గ్రంథాలయం (లైబ్రరీ). అందులో వాడుకరి తన జీవి రూపాన్ని తానే నిర్వచించి, దాన్ని ఎలా పుట్టించాలో, ఎలా మార్చాలో, ఎలా కలపాలో చెబితే చాలు. స్పెయిన్‌లోని గ్రనాడా విశ్వవిద్యాలయంలో మొదలై యూరప్ అంతటి పరిశోధకుల ఉమ్మడి ప్రయత్నంగా ఎదిగిన ఈవో, అదే భాషలోని టెంప్లేట్ సదుపాయాన్ని వాడుకుని, యోగ్యత కట్టగలిగిన ఏ వస్తువునైనా పరిణామానికి గురిచేయవచ్చన్న సూత్రం మీద నిలిచింది.

జావా భాషలో 1990 దశకం చివర షాన్ లూక్ ప్రారంభించి, తర్వాత జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో పెంచి పోషించిన ఈసీజేను కాస్త దగ్గరగా చూడడం అవసరం. అందులో ఏ భాగాలు వాడాలన్నది కోడ్‌లో కాక విడిగా ఒక పరామితుల ఫైలులో ఉంటుంది. పాప్, సబ్‌పాప్, సున్నా, స్పీసీస్, పైప్ అనే మాటలను చుక్కలతో కలిపిన ఒక పంక్తికి ఎదురుగా ఒక క్లాసు పేరు రాస్తే, మొదటి ఉపజనాభాలో సంతానం ఏ మార్గంలో పుట్టాలో ఖరారవుతుంది. ఆ మార్గం తలకిందుల చెట్టులా సాగుతుంది: కొత్త జీవి కావాలని పైనున్న ఉత్పరివర్తన భాగం తన కింది వినిమయ భాగాన్ని అడుగుతుంది, అది తన కింద ఉన్న రెండు వరణ భాగాలను తలా ఒక తల్లిదండ్రిని ఇమ్మంటుంది, వరణ భాగాలు పాత జనాభాలోంచి ఎంచి ఇచ్చింది మెట్టు మెట్టుగా పైకి వచ్చి కొత్త జీవి అవుతుంది. ఏ భాగానికీ తన కింద ఏముందో తెలియనవసరం లేదు కాబట్టి, ఒక్క పంక్తి మారిస్తే ప్రయోగమే మారిపోతుంది. ఒక్క అక్షరం కోడ్ కూడా తిరిగి రాయనక్కరలేదు. రోజుల తరబడి నడిచే ప్రయోగం మధ్యలో ఆగిపోతే అప్పటిదాకా దాచిన స్థితి నుంచి కొనసాగించడానికీ, అవే యాదృచ్ఛిక సంఖ్యల వరుసతో మొత్తం ప్రయోగాన్ని మళ్ళీ నడిపి అవే ఫలితాలు రాబట్టడానికీ వీలు కల్పించడం ద్వారా ఈసీజే శాస్త్రీయ ప్రయోగానికి అత్యవసరమైన పునరావృత్తిని సాఫ్ట్‌వేరు బాధ్యతల్లో ఒకటిగా స్థిరపరచింది.

ఒకటికన్నా ఎక్కువ లక్ష్యాలు, ఆరు ప్రమాణాలు

అప్పటివరకు కదలకుండా ఉన్న మరో నమ్మకం, యోగ్యత అంటే ఒకే ఒక్క సంఖ్య అన్నది. ఖర్చు తగ్గాలి, బలం పెరగాలి అన్న రెండు కోరికలు ఎదురెదురుగా నిలిచినప్పుడు ఒకే ఉత్తమ పరిష్కారం ఉండదు; ఒకదానిలో నష్టపోకుండా మరొకదానిలో మెరుగుపడడం వీలుకాని పరిష్కారాల సమూహం ఉంటుంది. ఆ సమూహాన్ని వేగంగా కనుక్కోవడానికి కాన్పూర్ ఐఐటీలో కల్యాణ్‌మయ్ దేబ్ బృందం రూపొందించి, 2002లో సమగ్రంగా ప్రచురించిన ఎన్ఎస్‌జీఏ-2 అల్గారిథం ప్రపంచవ్యాప్తంగా వాడుకలోకి వచ్చింది. కాన్పూర్ ప్రయోగశాల దాని సీ భాషా కోడ్‌ను అందరికీ అందుబాటులో ఉంచడం ఆ వ్యాప్తికి ఎంతో తోడ్పడింది.

స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ ఈటీహెచ్‌లో 2003లో వచ్చిన పీసా, విభజనను దాని చివరి హద్దుదాకా తీసుకెళ్ళింది. సమస్య తెలిసిన భాగమూ, వరణం చేసే భాగమూ ఇందులో రెండు విడివిడి ప్రోగ్రాములు. అవి ఒకదానితో ఒకటి సాధారణ పాఠ్య ఫైళ్ళ ద్వారా మాత్రమే సంభాషిస్తాయి. ఒక ఫైలులో ఉన్న స్థితి సంఖ్యను చదివి ఇప్పుడు తన వంతా కాదా అని ఒక్కో ప్రోగ్రామూ తెలుసుకుంటుంది. తన పని ముగియగానే ఆ సంఖ్యను మార్చి రెండోదానికి వంతు అప్పగిస్తుంది. ఒకటి సీ భాషలో, మరొకటి జావాలో రాసినా పని ఆగదు. అయితే ప్రతి తరంలోనూ ఫైళ్ళు రాయడానికీ, చదవడానికీ కాలం వెచ్చించాలి. ఒక్క మూల్యాంకనానికే నిమిషాలు పట్టే ఇంజనీరింగ్ సమస్యల్లో ఆ ఖర్చు లెక్కలోకి రాదు గానీ, క్షణంలో తేలే చిన్న సమస్యల్లో భారంగా మారుతుంది.

ఈ అనుభవాలన్నిటినీ సూత్రాలుగా కూర్చిన ఘనత కెనడాలోని లావల్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టియన్ గాన్యే, మార్క్ పారిజోలది. ఓపెన్ బీగిల్ అనే తమ వ్యవస్థను నిర్మించిన అనుభవంతో 2006లో వారు పరిణామ గణన సాఫ్ట్‌వేరు సార్వత్రికతకు ఆరు ప్రమాణాలను సూచించారు. జీవి రూపం, యోగ్యత, ప్రక్రియలు, పరిణామ నమూనా అనే నాలుగూ వాడుకరి కోరినట్టు మారగలగాలి. పరామితులన్నీ ఒకచోట నిర్వహించుకునే ఏర్పాటుండాలి. ఏ ఫలితాలను ఏ రూపంలో నమోదు చేయాలో మార్చుకునే వీలుండాలి. ఈ ఆరింటినీ వెనక్కి తిరిగి చదివితే ఒక్కోదాని వెనక ఒక్కో పాత ఇబ్బంది కనిపిస్తుంది: మొదటిదాని వెనక ఊళ్ళ వరుసా కోజా చెట్లూ, రెండోదాని వెనక బహుళ లక్ష్యాలూ, నాలుగోదాని వెనక జెనిటర్, అయిదోదాని వెనక ప్రశ్నించకుండా వాడుకున్న డి జాంగ్ అంకెలూ.

సార్వత్రికతకు చెల్లించిన మూల్యం

ఈ ప్రమాణాలను నెరవేర్చిన వ్యవస్థలు శక్తిమంతమైనవే గానీ, నేర్చుకోవడానికి కఠినమైనవి. చిన్న ప్రయోగానికి కూడా డజన్ల కొద్దీ పరామితులూ, మెట్ల మెట్ల క్లాసులూ అర్థం చేసుకోవలసి రావడంతో, ఇంత శ్రమకన్నా మొదటి నుంచీ సొంతంగా రాసుకోవడమే మేలనుకున్న పరిశోధకులు ఎందరో. ఏ భాగాన్నైనా మార్చుకోవచ్చన్న స్వేచ్ఛ, ఏ భాగం ఎక్కడుందో తెలియని అయోమయంగా మారే ప్రమాదాన్ని ఓపెన్ బీగిల్ నిర్మాతలే గుర్తించారు. అదే లావల్ విశ్వవిద్యాలయం నుంచి ఫెలిక్స్-ఆంట్వాన్ ఫోర్తాన్ తదితరులు పైథాన్ భాషలో రూపొందించి, 2012లో పరిశోధనా పత్రం ద్వారా పరిచయం చేసిన డీప్ ఆ గుర్తింపు ఫలమే.

డీప్‌లో జీవి పైథాన్‌లోని మామూలు జాబితా కావచ్చు. కనిష్ఠ విలువ కావాలంటే యోగ్యతకు రుణ భారం, గరిష్ఠ విలువ కావాలంటే ధన భారం ఇస్తే చాలు; లక్ష్యాలు రెండుంటే రెండు భారాలు ఇవ్వాలి. టూల్‌బాక్స్ అనే వస్తువులో మేట్, మ్యూటేట్, సెలెక్ట్, ఎవాల్యుయేట్ అనే పేర్ల కింద వాడుకరి తనకు నచ్చిన ఫంక్షన్లను నమోదు చేసుకుంటాడు. పరిణామ వలయాన్ని మాత్రం గ్రంథాలయం దాచిపెట్టదు. వాడుకరే దాన్ని పది పన్నెండు పంక్తుల్లో కళ్ళెదుట రాసుకోవచ్చు. మూల్యాంకనాలను అనేక కంప్యూటర్లకు పంచాలంటే మ్యాప్ అనే ఒక్క ఫంక్షన్‌ను మార్చి నమోదు చేస్తే సరిపోతుంది. ఓపెన్ బీగిల్ ప్రమాణాల్లో ఒక్కటీ వదులుకోకుండానే గోల్డ్‌బర్గ్ పాస్కల్ కోడ్‌లోని తేటదనాన్ని తిరిగి సంపాదించడం డీప్ సాధించిన విజయం.

ఈ చరిత్రలో ఏ రూపశిల్పీ మారే భాగాలన్నిటినీ ముందే ఊహించలేదు. ఎదురైన ప్రతి కొత్త సమస్యా అంతవరకు స్థిరమనుకున్న ఒక నిర్ణయాన్ని వెలికితీసి వాడుకరి చేతికిచ్చింది. అలా అన్నీ వెలికివచ్చాక మిగిలిన వలయమే మూడు శాఖలకూ ఉమ్మడి ఆస్తి అని రుజువైంది. బెర్లిన్ కొలతల జాబితా, ఫోగెల్ యంత్రం, మిషిగన్ బిట్ల గొలుసు ఇప్పుడు ఒకే గ్రంథాలయంలో పక్కపక్కన నడుస్తున్నాయంటే, శాఖల ఏకత్వం గురించి సదస్సుల్లో జరిగిన వాదనను కోడ్ ఆచరణలో నిరూపించిందన్న మాట. కనుక సార్వత్రికమైన పరికరాన్ని నిర్మించదలచినవారు ఊహ మీద ఆధారపడక, స్వభావంలో పొంతన లేని మూడు నాలుగు సమస్యలను ముందు పరిష్కరించి, వాటిలో ఏది మారిందో గమనించి అక్కడే గీత గీయాలి. పరిణామ గణన చరిత్రలు హాలండ్‌నూ, రెఖెన్‌బెర్గ్‌నూ, కోజానూ స్మరించే చోటే గ్రెఫెన్‌స్టెట్, వాల్, లూక్, గాన్యే, పారిజో వంటి పరికర నిర్మాతలకూ స్థానం ఇవ్వాలి. ఎందుకంటే ఒక ఆలోచన దాన్ని పుట్టించినవారి ప్రయోగశాల దాటి, ఇతరులు సరిచూడగలిగే, సవరించగలిగే శాస్త్రంగా మారింది వారి శ్రమ వల్లనే.